కెప్టెన్ మొహానికి అచ్చు

"ఇక కళ్లు మూసుకోండి కెప్టెన్. మళ్లీ నేను చెప్పేదాకా తెరవొద్దు," అంది మేకప్పు చేసే గుర్లీన్.

లోర్న్ కళ్లు మూసుకున్నాడు. నుదుటి మీద చల్లటి ముద్ద పడింది, బాగా రుబ్బిన పిండిలా చిక్కగా, పళ్ల డాక్టరు గదిలో వచ్చే పుదీనా వాసనతో. అది కనుబొమల మీదుగా జారి రెప్పల గుంటల్లో నిండి బుగ్గల మీదికి దిగుతుంటే, గుర్లీన్ వేళ్లు దాన్ని గడ్డం కిందికీ మెడ మీదికీ తోస్తున్నాయి. దీన్ని సముద్రపు నాచుతో చేస్తారని ఎప్పుడో ఆమెతో పనిచేసే ఫెరిస్ చెప్పాడు. ఇన్నేళ్లూ తెర మీద పడవ నడిపినవాడి మొహానికి నాచు పూయడం సబబే అనుకున్నాడు లోర్న్. "బాగుంటే కుడి బొటనవేలు ఎత్తండి. ఊపిరాడకపోయినా, భయమేసినా ఎడమ చెయ్యి ఎత్తండి, ఆ క్షణమే పీకేస్తాం. మొహమాటపడొద్దు. ఈ కుర్చీలో హీరోలే ఏడ్చారు." వెనక బకెట్లో ఏదో కలుపుతున్న ఫెరిస్, "పేర్లు చెప్పవే, పొద్దుపోతుంది," అన్నాడు. "చెబితే కుర్చీ ఉంటుంది, మనం ఉండం." లోర్న్‌కి నవ్వొచ్చింది. "నవ్వకండి కెప్టెన్! పెదాల పక్కన గీతలు పడ్డాయంటే మళ్లీ మొదటికొస్తాం." పెదాలు కూడా ముద్ద కింద మూసుకుపోయాయి. చివరికి చెవులు. ముక్కు రంధ్రాలు రెండు మాత్రం వదిలారు, ఇంటికి నిప్పంటుకుంటే పారిపోవడానికి వదిలిన కిటికీల్లా.

చెవులు మూసుకోగానే లోకమంతా నీళ్లలో మునిగినట్టయింది. గుర్లీన్ మాటలు ఏదో దూరపు ఒడ్డున ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టున్నాయి. లోపల గుండె చప్పుడు, ముక్కులో గాలి వచ్చిపోయే సద్దు, అంతే. ఆ చీకట్లోకి మొదట వచ్చి కూర్చున్నది పొద్దుటినుంచీ వెంటపడుతున్న ప్రశ్నే. దేనికి ఈ అచ్చు? బతికున్న మొహం పిలిచినప్పుడల్లా వచ్చి కెమెరా ముందు నిలబడుతుంటే దానికి నకలు ఎవరికి కావాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరినడిగినా చెబుతారు, తల అచ్చుకు పిలుపొచ్చిందంటే శవం బొమ్మ చేస్తున్నారని. నీళ్లలో తేలడానికో, కొండ మీంచి దొర్లడానికో, ఉక్కు బల్ల మీద కోతకు పడుకోవడానికో. కథలో ఏం జరగబోతోందో ముందు కారు డ్రైవర్లకు తెలుస్తుంది, తర్వాత బట్టలవాళ్లకు, ఆ తర్వాత మేకప్పువాళ్లకు. నటుడికి అందరి కంటే చివర. పెళ్లికొడుక్కి తప్ప ఊరందరికీ తెలిసిన పెళ్లి ఇది. ఇందాక జుట్టు మీద బిగుతు రబ్బరు టోపీ తొడిగి, మెడ చుట్టూ తువ్వాలు కప్పుతున్నప్పుడు, "అమ్మాయ్, ఇది దేనికి?" అని అడిగాడు. "తియ్యమన్నారు, తీస్తున్నా. నోరు విప్పనని సంతకం చేశాను, ఇక మీ దయ," అంటూ గుర్లీన్ వాజలీన్ డబ్బా మూత కోసం బల్లంతా వెతికింది. మూత ఆమె చేతిలోనే ఉంది. అంతకుముందు వరండాలో ఐలీన్ టాకాబెరీ ఎదురైంది. సీరియల్ కథ మొత్తం ఆమె చేతిలోది, ఎవరు పుట్టాలో ఎవరు గిట్టాలో రాసే మనిషి. క్రిస్మస్ విందులో కూడా దూరంనుంచి చెయ్యి ఊపి ఊరుకునే ఐలీన్ గబగబా వచ్చి అతన్ని కావలించుకుంది. "నీతో మాట్లాడాలి, మళ్లీ వస్తా," అని, ముక్కు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. రచయితల కౌగిలి ధృతరాష్ట్ర కౌగిలి. లోర్న్ ఈ పనిలో జుట్టు పండించుకున్నాడు, ఆ మాత్రం తెలియదా.

అయితే అమోస్ పెట్రీ పోతాడన్నమాట. టెన్నంట్ రేవులో పడవ నడిపే కెప్టెన్ అమోస్ పెట్రీ, సీరియల్లో తన వేషం. పోతే పోనీ, తెర మీద చావడం లోర్న్‌కి కొత్తా? తిరిగి ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడే, ఇంకో వేషం కోసం. కానీ పోయిన ఆదివారం స్టెఫ్కా అక్క ఒక మాట తీసుకుంది. ఆదివారం ఆమె ఫోన్ చేస్తుంది, డాఫిన్ ఊరినుంచి, చర్చి గుడినుంచి వచ్చి బూట్లు విప్పీ విప్పకముందే. ఈ చలికాలం ఆమె గుండె మొరాయించింది. విన్నిపెగ్ ఆసుపత్రిలో చాలా రోజులు పెట్టుకుని పంపించారు. గొంతు సన్నబడింది గానీ పెత్తనం సన్నబడలేదు. "ఒరేయ్, ఒక మాట. నేను పోయేదాకా నువ్వు పోకు," అంది. "నేనెక్కడికి పోతానక్కా?" "టీవీలో రా. ఆ అమోస్. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. నీ గోధుమల గిన్నె ఇక నేను దించలేను. ముందు నాకు నువ్వు ఉడికించు. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు చావు." "అదేం మాటే?" "మాటివ్వు." "అది నా చేతిలో ఉందా? రాసేవాళ్లు..." "మాటివ్వరా అంటే రాసేవాళ్లంటావేం? ఇవ్వు." ఇచ్చాడు. నవ్వుతూ ఇచ్చాడు. నవ్వుతూ ఇచ్చిన మాటకు బరువుండదనుకున్నాడు. ఇప్పుడు అదే మాట నాచుముద్దతో కలిసి మొహం మీద కూర్చుని గట్టిపడుతోంది.

గోధుమల కథ డాఫిన్‌లో, మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆటవాళ్ల క్లబ్బు హాల్లో మొదలైంది. లోర్న్‌కి అప్పుడు నెత్తినిండా జుట్టు. టొరంటోలో మొదటి వేషం దొరికింది, ఒక పోలీసు సీరియల్లో బ్యాంకు కాపలావాడు. శుక్రవారం రాత్రి వస్తుందని ఫోన్లో చెప్పడమే ఆలస్యం, స్టెఫ్కా ఊళ్లోకెల్లా పెద్ద టీవీని భర్త చేత మోయించి క్లబ్బు హాల్లో పెట్టించింది. గుడికొచ్చే వాళ్లందర్నీ పిలిచింది. బంగాళదుంప కూరిన పెరోగీలు, క్యాబేజీ ఆకుల చుట్టలు, ఉల్లిపాయ వేయించిన వెన్న వాసన, ఆవిరి పట్టిన కిటికీలు, వాకిట్లో వరసగా బురద బూట్లు. లోర్న్ కొత్త కోటు వేసుకుని ముందు వరసలో పెళ్లికొడుకులా కూర్చున్నాడు. బొమ్మ మొదలైంది. కాపలావాడు తలుపు తీశాడు. "ఇవాళ మూసేశాం సార్," అన్నాడు. ఢాం అంది. పడిపోయాడు. అప్పుడు సీరియల్ పేరు పడింది. పేరు పడకముందే లోర్న్ హ్రిట్సాక్ వేషం అయిపోయింది. ఎవరి నోట్లో పెరోగీ వాళ్ల నోట్లోనే ఉంది. అప్పుడు పరాస్కా ముసలమ్మ లేచింది. ఊళ్లో ఏ చావైనా ఆమె గొంతు లేకుండా గడవదు. సిలువ గుర్తు వేసుకుని, పోయినవాళ్ల కోసం పాడే ప్రార్థన ఎత్తుకుంది. ఆమెకు టీవీ సంగతి తెలియక కాదు, ఒక కుర్రాడు కళ్లముందు కూలిపోతే ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఆ ప్రార్థన వినబడ్డాక కూర్చునేవాడెవడు? ఒక్కొక్కళ్లే లేచారు. మగవాళ్లు టోపీలు తీశారు. లోర్న్ కూడా లేచాడు. లేవడమే కాదు, చిన్నప్పటినుంచి గుడిలో పాడినవాడు గనక, రెండో పాదం దగ్గర తన వంతు గొంతు కలిపాడు. తన కోసం తనే. పాట అయ్యాక ముందు ఎవరు నవ్వారో తెలియదు, హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. స్టెఫ్కా మాత్రం నవ్వలేదు. "బతికున్నవాడికి ప్రార్థన చదివి గాల్లో వదిలేస్తారా, అరిష్టం కాదూ," అని మర్నాడు పెద్ద గిన్నెలో గోధుమలు ఉడికించి, తేనె కలిపి, పోయినవాళ్లకు పంచినట్టే ఊరంతా పంచింది. తమ్ముడికీ ఒక గిన్నె పెట్టింది. "తిను. తింటే పీడ పోతుంది." తిన్నాడు. బాగుంది కూడా.

అప్పటినుంచీ అదే ఆనవాయితీ. లోర్న్ చావడమూ, స్టెఫ్కా ఉడికించడమూ. చావులకేం కొదవ. కాల్చారు, పొడిచారు, కారు కింద తోశారు, విషం పెట్టారు, ఒకసారి తేనెటీగల చేత కుట్టించారు. శవంగా పడుకోవడంలో అతనికి పేరు కూడా వచ్చింది. "లోర్న్‌ని పిలవండి, ఊపిరి కనపడనివ్వడు," అనేవాళ్లు. బతికున్న వేషాల్లో అమెరికా షెరీఫు, అమెరికా జడ్జి, అమెరికా కూతురి పెళ్లికి ఒప్పుకోని అమెరికా తండ్రి. ఇక్కడి ఎర్ర పోస్టు డబ్బాల మీద అమెరికావాళ్ల నీలం తొడుగులు వేసి, జెండాలు మార్చి, ఈ ఊరినే ఇంకో దేశపు ఊరుగా చూపించేవాళ్లు. తను షెరీఫుగా చేసిన రాష్ట్రాల్లో సగం చోట్ల అతను కాలుపెట్టలేదు. జులై ఎండలు ఫిబ్రవరిలో తీసేవాళ్లు. పచ్చిక మీద మంచు వేడినీళ్లతో కరిగించి ఆకుపచ్చ రంగు కొట్టేవాళ్లు. పొట్టిచేతుల చొక్కాతో నిలబడి, మాట్లాడేటప్పుడు నోటినుంచి ఆవిరి రాకుండా ముందు మంచుముక్కలు చప్పరించి, నాలుక మొద్దుబారిపోతుంటే, "ఏం ఉక్కబోతరా బాబూ," అనేవాడు. పెళ్లి ఒకటి టొరంటోలో అయింది, టొరంటోలోనే అయిపోయింది. తర్వాత పని వాంకూవర్ వైపు జరిగింది, అతనూ జరిగాడు. అక్కడే ఫెరిస్ పరిచయం. నీలం పొలుసుల ముసుగు చేసి తగిలించాడు, వేరే గ్రహంవాడి వేషం. ఆ ముసుగుకు అభిమానులు ఉత్తరాలు రాసేవాళ్లు. కూరగాయల కొట్లో మాత్రం అతన్ని ఎవరూ తిరిగి చూసేవాళ్లు కాదు. ఒక్క స్టెఫ్కా పట్టేసింది. "ముసుగేసుకుంటే తెలియదనుకున్నావా? నాన్న నడక నడిచావు, రైలు పట్టాల మీద నడిచినట్టు." ఆ గ్రహంవాడూ ఒకరోజు పేలిపోయాడు. "చచ్చింది ముసుగు కదా, గోధుమలెందుకు?" అంటే, "ముసుగు లోపలెవరున్నారు, మీ తాతా?" అంది. పోస్టులో వచ్చింది గోధుమల డబ్బా, మూతకు టేపు చుట్టి, తేనె కారుతూ.

మొహం మీద ఇప్పుడు కొత్త బరువు. ఫెరిస్ తడిపిన ప్లాస్టరు పట్టీలు వేస్తున్నాడు, ఒకదాని మీద ఒకటి. ఆ పెద్ద చేతుల ఒత్తిడి తెలుస్తోంది. చల్లదనం పోయి వెచ్చబడుతోంది, ప్లాస్టరు ఆరేటప్పుడు వేడి పుడుతుంది, తెలిసిన సంగతే, కానీ తెలిసినంత మాత్రాన వేడి తగ్గదు. ఒక పట్టీ అంచు ముక్కు పక్కన ఆనింది. గాలి కొంచెం సన్నబడిందా? లేదు. సన్నబడింది. పెట్టెలో పెట్టి మూత బిగిస్తే ఇలాగే ఉంటుందా? ఇన్నిసార్లు చచ్చాడు గానీ ఎప్పుడూ కెమెరా ఆగే చప్పుడు వినబడేది, ఎవరో కాఫీ తెచ్చేవాళ్లు. ఇక్కడ చప్పుడు లేదు. అక్కకి ఆసుపత్రిలో ముక్కుకు గొట్టాలు పెట్టినప్పుడు ఇలాగే అనిపించి ఉంటుంది. అడగలేదు. ఎలా ఉందే అంటే తిండి బాగాలేదంది, అంతటితో నమ్మేశాడు. ఎడమ చెయ్యి దానంతటదే కుర్చీ మీదనుంచి లేవబోయింది. ముక్కుతో తీసుకో, కడుపులో దాచుకో, కొంచెం కొంచెంగా వదులు, తొందరేముంది, పాట నిన్ను వదిలేసి పోదు. ఎవరి మాటలివి? గుడిలో పాటగాళ్లు నిలబడే మేడ మీద, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, అమ్మ పోయిన ఏడాది, తొమ్మిదేళ్లవాడి పొట్ట మీద అరచెయ్యి పెట్టి స్టెఫ్కా నేర్పిన మాటలు. "ఇక్కడ లేవాలి. భుజాలు కాదు, ఇక్కడ." పెళ్లయి నెలలు కాలేదు ఆమెకు, తమ్ముణ్ణి తెచ్చి తన ఇంట్లో పెట్టుకుంది. ఊపిరి కనపడని శవమని ఇన్నేళ్లు పొగిడారే, ఆ ఊపిరి ఆమె నేర్పిందే. తీసుకో. దాచుకో. వదులు. చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆ చేతిని ఎవరో పట్టుకున్నారు, చిన్న చెయ్యి, ప్లాస్టరు పొడి గరుకు. గుర్లీన్. చూసిందన్నమాట. లోర్న్ కుడి బొటనవేలు ఎత్తాడు. ఆమె అయినా వదల్లేదు.

అమోస్ పెట్రీ వేషం వచ్చినప్పుడు పోస్టు డబ్బాలకు తొడుగులు వెయ్యలేదు. అదే అతనికి మొదట కొట్టొచ్చినట్టు కనబడింది. కథ ఈ తీరానిదే, పడవ ఈ నీళ్లదే, వాన వానే. ఎవరి యాసనో అరువు తెచ్చుకోనక్కర్లేదు. అమోస్‌కి పెద్ద మాటలు లేవు. ఊళ్లోవాళ్లను ఈ గట్టునుంచి ఆ గట్టుకు దాటిస్తాడు, ఎవరెక్కినా, "కాళ్లు తుడుచుకుని ఎక్కండి," అంటాడు. హంతకుడెక్కినా అదే మాట, కొత్త పెళ్లికూతురెక్కినా అదే మాట. మొదటి ఏడాది లోర్న్ రోజూ ఎదురుచూశాడు, ఎప్పుడు ముంచుతారా అని. ముంచలేదు. రెండో ఏడాదీ ముంచలేదు. డాఫిన్‌లో శుక్రవారాలు మళ్లీ పండగలయ్యాయి, ఈసారి క్లబ్బులో కాదు, స్టెఫ్కా ఫ్లాటులో, భర్త పోయాక ఆమె మారిన రెండు గదుల్లో. పరాస్కా కూతురు, ఇంకో ఇద్దరు ముసలమ్మలు, మోకాళ్ల మీద దుప్పట్లు. "ఈవారం కూడా బతికాడమ్మా," అనుకుని టీ తాగి వెళ్లేవాళ్లు. "నువ్వు చావడం మానేశాక గోధుమలు పురుగు పడుతున్నాయిరా," అనేది స్టెఫ్కా ఫోన్లో, ఆ గొంతులో గర్వం దాగేది కాదు. విన్నిపెగ్‌లో నర్సులు ఆమె పేరు వదిలేసి కెప్టెన్ గారి అక్క అని పిలిచారట. గదిలోకి వచ్చే ప్రతివాళ్లనూ, "కాళ్లు తుడుచుకుని రండి," అందట. పెద్ద డాక్టరును కూడా.

ఐలీన్‌ని అడగాలి. ఇన్నేళ్లలో అతను ఏ రచయితనూ ఏదీ అడగలేదు. చావమంటే చచ్చాడు, ఎటువైపు పడాలో మాత్రం అడిగేవాడు. ఇప్పుడు అడగాలి. అమోస్‌ని ఎక్కడికైనా పంపెయ్యండి, పెద్ద ఓడలో ఉద్యోగం వచ్చిందనండి, ఎవర్నో పెళ్లాడి లేచిపోయాడనండి, ఈ వయసులో జనం నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. శవం మాత్రం చూపించకండి. లేదంటే కొంచెం ఆపండి. ఎన్నాళ్లు ఆపమంటావ్ అని అడుగుతుంది ఐలీన్, లెక్క మనిషి. ఎన్నాళ్లని చెప్పాలి? మా అక్క పోయేదాకా అనా? ఆ మాట చీకట్లో పూర్తిగా రూపు కట్టగానే లోర్న్ లోపల ముడుచుకుపోయాడు. అడగడమంటే అది అడగడమే. ఇంకోలా చెప్పడానికి మాటల్లేవు. అబద్ధం చెబితే? ఈ శుక్రవారం సీరియల్ రావట్లేదక్కా అంటే? పరాస్కా కూతురు ఉండగా సాగుతుందా. చావు తెర మీదే కదా, ఉట్టిదే కదా అని తను చెప్పలేడు, ఎందుకంటే స్టెఫ్కా ఎప్పుడూ ఉట్టిది అనుకోలేదు. తల్లి పోయిన పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చుకున్న మనిషికి, వాడు నేల మీద పడి ఉండడం ఏ కారణానికైనా ఉట్టిది కాదు. నవ్వు కోసం చేసిందనుకున్నారు ఊళ్లో అందరూ. తనూ అలాగే అనుకున్నాడు. ఉడుకుతున్న గిన్నె ముందు ఆమె ఒక్కతే నిలబడి ఏమనుకునేదో ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. రెప్పల కింద తడి చేరింది. బయటికి పోవడానికి దారి లేదు దానికి.

భుజం మీద రెండుసార్లు తట్టారు. దూరపు ఒడ్డు దగ్గరయింది. "ముందుకు వంగండి. మొహం కదపండి, ముడుచుకోండి, నవ్వండి, ఏడవండి, మీ ఇష్టం, ఊడిరావాలి." లోర్న్ వంగాడు. బుగ్గల దగ్గర మొదలై, నుదురు దగ్గర చల్లగాలి తగిలి, చప్పున మొత్తం ఊడి గుర్లీన్ చేతుల్లో పడింది. వెలుతురు కళ్లలో గుచ్చుకుంది. ఫెరిస్ తడి తువ్వాలు అందించాడు. "కళ్లు ఎర్రబడ్డాయేంటయ్యా? నా ప్లాస్టరు మరీ అంత బాగుందా?" గుర్లీన్ ఆ అచ్చును బోర్లా పట్టుకుని లోపలికి చూసింది. పల్లంగా అతని మొహం, గుంటలన్నీ ఎత్తులై, ఎత్తులన్నీ గుంటలై. "బ్రహ్మాండంగా వచ్చింది. ఇప్పుడు నోరు తెరవండి." "నోరెందుకు?" "పళ్ల అచ్చు కావాలి." ఆమె చేతిలో గుర్రపు నాడాలాంటి పళ్లెం, దాన్నిండా గులాబీ రంగు ముద్ద. లోర్న్ నోరు తెరవబోయి మూసేశాడు. శవాలకు పళ్లెవరు చేయిస్తారు? నోరు మూసిన బొమ్మకు పళ్లతో పనేముంది? "గుర్లీన్," అన్నాడు. ఎప్పుడూ అమ్మాయ్ అనేవాడు పేరుపెట్టి పిలిచేసరికి ఆమె ఫెరిస్ వైపు చూసింది. ఫెరిస్ పైకప్పు వైపు చూశాడు. "ఐలీన్ తనే చెబుతానందండీ," అంది గుర్లీన్, "ఇంతసేపైనా రాలేదు. నాకు దాచి చావొస్తోంది. ఇదే ఆఖరి ఏడాదట, సీరియల్ ఆపేస్తున్నారు. చివరి భాగం ముప్పై ఏళ్ల తర్వాత. అందరూ పోతారు. మీరు ఒక్కరే ఉంటారు, తొంభై దాటి, పడవ మీద. అరిగిపోయిన పళ్లు పెట్టాలి, చెంపలు జారాలి, చెవులు సాగాలి. నేనెప్పుడూ ఇంత పెద్ద పని చెయ్యలేదు, అందుకే ఉదయంనుంచి ఏది ఎక్కడ పెట్టానో నాకే తెలియడంలేదు. మీరేమనుకున్నారు?" లోర్న్ తువ్వాలుతో మొహం మళ్లీ తుడుచుకున్నాడు. "నాకు ఇంకొకటి కావాలి కెప్టెన్. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోటోలు. ముడతలు ఎక్కడబడితే అక్కడ గీస్తే దొంగ ముసలాడిలా ఉంటారు. మీ వంశంలో మొహం ఎటు జారుతుందో చూడాలి." అమ్మ ముప్పై ఎనిమిదికే పోయింది. నాన్న రైలు పనిలో యాభై నిండకుండానే. మామయ్యలు యుద్ధంలో. వాళ్ల ఇంట్లో ముసలితనం దాకా నడిచొచ్చింది ఒక్కతే.

ఫోను తీసి మొహాలు కనబడేలా పిలిచాడు. చాలాసేపు మోగింది. మొదట పైకప్పు కనబడింది, తర్వాత చెవి, తర్వాత స్టెఫ్కా. "ఇవాళ ఆదివారం కాదు. ఎవరు పోయారు?" "ఎవరూ పోలేదక్కా." "నెత్తి మీద ఆ టోపీ ఏంటి, కోడిగుడ్డులా? ఆపరేషనా?" "కాదే. విను. అమోస్ పోవడంలేదు. తొంభై దాటి బతుకుతాడు. అందరికంటే వెనక మిగిలేది వాడే." తెర మీద ఆమె గడ్డం ఒకసారి కదిలింది. "తొంభయ్యా?" అంది. "నాకంటే పెద్దవాడివైపోతావట్రా? ఎవర్నడిగి?" "నువ్వే కదా పోవద్దని మాట తీసుకున్నావు." "పోవద్దన్నాను గానీ నన్ను దాటి పొమ్మన్నానా?" తర్వాత గొంతు తగ్గించి, "ఒరేయ్, ఆ కథలో అమోస్‌కి అక్క ఉందా?" అంది. "లేదే." "మంచిదే. ఆమె ఎప్పుడు పోయిందని ఎవరూ అడగరు." లోర్న్ ఫోనును కొంచెం పక్కకు తిప్పాడు, ఎందుకంటే తన మొహం ఆమెకు కనబడకూడదు కాసేపు.

గుర్లీన్ పెన్సిలు చెవి వెనకనుంచి తీసి ఫోనుకు దగ్గరగా వంగింది. "నమస్తే ఆంటీ. మీ తమ్ముణ్ణి ముసలివాణ్ణి చెయ్యాలి, మీ మొహం అప్పివ్వాలి." "నా మొహమా? ఆగు, లిప్‌స్టిక్ వేసుకునొస్తా." "వద్దు వద్దు, అలాగే ఉండండి. దీపం వైపు తిరగండి. అబ్బ, ఈ గీత చూడు ఫెరిస్, కంటి కిందనుంచి నేరుగా దవడకి. ఆంటీ, కొంచెం కోపంగా చూడండి." "ఎవర్ని?" "మీ తమ్ముణ్ణి." చూసింది. ఫెరిస్ ఒకడుగు వెనక్కి వేశాడు. గుర్లీన్ చకచకా గీసుకుంది. "ఇప్పుడు నవ్వండి." "నవ్వమంటే ఎలా వస్తుందమ్మా? అది వాడి పని, నా పని కాదు." ప్రయత్నించింది, పళ్లు బయటపెట్టింది, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుంది. గుర్లీన్ పెన్సిలు ఆగిపోయింది. "ఇది కాదాంటీ. ఇది నవ్వు కాదు." లోర్న్ ఫోనును ప్లాస్టరు డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. కుర్చీలోంచి లేచాడు. ఇద్దరు కాల్చినట్టు ఒక్కసారి వెనక్కి తూలి, తువ్వాలు గుండెకు హత్తుకుని, బల్లను పట్టుకుని, బకెట్టును తన్ని, మోకాళ్ల మీద పడి, లేవబోయి, మళ్లీ పడి, చివరికి ఫెరిస్ కాళ్ల దగ్గర వెల్లకిలా పరుచుకుపోయాడు, నోరు తెరిచి, కళ్లు పైకి తిప్పి. ఊపిరి కనపడనివ్వలేదు. ఫోనులోంచి ముందు ఒక కేక, "లేవరా వెధవా, మాటిచ్చావు!" ఆ వెంటనే, దగ్గుతో కలిసి, ఆపుకోలేని నవ్వు, కుర్చీ కిర్రుమనేంత నవ్వు, ఎవరో పక్కగదినుంచి ఏమైంది ఏమైంది అంటూ పరుగెత్తుకొచ్చేంత నవ్వు. నేల చల్లగా ఉంది. వీపు కింద ప్లాస్టరు నీళ్లు. నడుం పట్టేసింది, ఈ వయసులో ఇలా పడకూడదు. లేవడానికి మోచెయ్యి ఆన్చాడు.

"కదలొద్దు కెప్టెన్," అంది గుర్లీన్, పెన్సిలు పరుగుపెడుతుంటే. "ఆంటీ ఇంకా నవ్వుతున్నారు."